కాలు విదిలించిన పిల్లి

"పిల్లి ఊరికే చెయ్యదమ్మాయ్. నువ్వేదో చేసుంటావు. అది మనసులో పెట్టుకుంది."

ఈ మాట అన్నది గుంటూరులో మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మ. మెట్ల మధ్యలో నిలబడి, చేతిలో చీపురు దించకుండా, ఎదురింటి వాళ్లకు కూడా వినపడేలా అంది. ఇరవై ఏళ్లు దాటిపోయింది. ఆ రోజు ఆమె కట్టుకున్న ముదురాకుపచ్చ నేతచీర కూడా నాకు గుర్తుంది. అనడం ఆమె తప్పే గాని, ఆ మాటను నమ్మి నెలన్నర పాటు ఒక మూగజీవాన్ని పగదానిలా చూసింది మాత్రం నేను. అందుకే ఇది రాస్తున్నాను.

మాది పై వాటా. రెండు గదులు, వంటిల్లు, పొడుగాటి వరండా. వరండా చివర బాత్రూము. వెనక గోడకు ఆనుకుని పత్తిగింజల గోడౌన్ ఒకటి ఉండేది. అక్కడ తిన్నన్ని తిన్నాక ఎలుకలు మా ఇంటికి షికారుకు వచ్చేవి. బియ్యం డబ్బా మూత కొరికాయి, నా పెళ్లి చీర అంచు కొరికాయి. చివరికి ఆ గోడౌన్ కాపలామనిషి దగ్గరే ఒక పిల్లికూనను తెచ్చుకున్నాం. బూడిదరంగు, మెడ కింద తెలుపు. ఆడది. మా ఆయన మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. పొద్దున ఎనిమిదింటికి పోతే సాయంత్రం ఆరింటికి రాక. పిల్లలు లేరు. పగలంతా ఆ ఇంట్లో నాతో ఉండేది అదొక్కతే. నేను కూరగాయలు తరిగితే పక్కన కూర్చునేది. పడుకుంటే కాళ్ల దగ్గర పడుకునేది. దాంతో మాట్లాడేదాన్ని కూడా. దాచడమెందుకు.

వీధిలో కుక్కలు ఎక్కువ. అందుకని కిందికి వదిలేవాళ్లం కాదు. వరండా చివర, బాత్రూము పక్కన, పాత నీలంరంగు ప్లాస్టిక్ టబ్బులో ఇసుక పోసి పెట్టాం. పక్క సందులో ఇల్లు కడుతున్న మేస్త్రీని అడిగి వారానికో బక్కెట్టు ఇసుక తెచ్చుకునేదాన్ని. కూనగా ఉన్నప్పుడు రెండుసార్లు తీసుకెళ్లి అందులో నిలబెట్టాను, అంతే. మూడేళ్లు ఒక్కసారి తప్పలేదు. టబ్బులోకి దిగి, గుంట తీసి, ఎటో చూస్తూ కూర్చుని, పని అయ్యాక ఇసుక కప్పి, వాసన చూసుకుని, చాలదనిపిస్తే మళ్లీ కప్పేది. ఇంటికొచ్చిన వాళ్లు నిలబడి చూసి, "మీ ఇంట్లో మనుషులకన్నా నయం" అని పోయేవాళ్లు. అది కూడా ఎవరిని ఉద్దేశించి అన్నారో నాకు తెలుసు గాని, ఇప్పుడు వద్దు.

అలాంటి పిల్లి ఒక మార్చి నెలలో, పట్టపగలు, మంచం మీద పోసింది. మంచం మీద ఎక్కడ? నా తలగడ మీద.

మా ఆయన నవ్వారు. "నా తలగడ చూడు, మల్లెపువ్వులా ఉంది. నీ మీదే దానికి కోపం."

"నేనేం చేశాను?"

"నిన్న చేప తల పెట్టమంటే పెట్టలేదుగా."

నిజమే, పెట్టలేదు. ముల్లు గుచ్చుకుంటుందని పెట్టలేదు. అది దానికేం తెలుసు అనుకున్నాను. తలగడ గలీబు ఉతికాను, దూది ఎండబెట్టాను. మూడో రోజు మళ్లీ అక్కడే. ఆ తరవాత బీరువా పక్కన మడతపెట్టిన దుప్పట్ల మీద. తరవాత ఉతికిన బట్టల బుట్టలో, అందులోనూ నా జాకెట్ల మీద. ఎదురుగా కుక్కి మంచం మీద ఆయన లుంగీ ఉంది, దాన్ని ముట్టలేదు.

ఇక నాకు కాలు నిలవలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి మూలలన్నీ వాసన చూస్తూ తిరిగేదాన్ని. వంగి మంచం కింద చూసేదాన్ని, లేచి ఊరగాయ జాడీల వెనక చూసేదాన్ని. అన్నం కంచంలో చెయ్యి పెట్టి, పిల్లి ఎటో నడిచిన చప్పుడైతే లేచిపోయేదాన్ని. మూడుసార్లు తడి చేసిన చోట పట్టుకుని, ముక్కు అదిమి చూపించి, వీపు మీద కొట్టాను. నాలుగోసారి కొట్టబోతే నా చేతి కింద నుంచి జారి గ్యాస్ బండ వెనక దూరింది. రెండు పూటలు రాలేదు. నేనూ పిలవలేదు. నాకు కోపం వస్తే అంతే. ఎదుటివాళ్లు ముందు రావాలి.

ఓనరమ్మ మెట్ల మీద నిలబడి ఆ మాట అన్నది అప్పుడే. వాసన కిందికి వస్తోందని చెప్పడానికి వచ్చి, కారణం కూడా తనే చెప్పింది. పోతూ పోతూ, "పిల్లల్లేని ఇంట్లో పిల్లికి గారం ఎక్కువైతే ఇట్టాగే ఉంటది" అంది. దీనికి నేను జవాబు చెప్పలేదు. చెప్పనందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి, ఆటోలో. అక్కడ గేదెలు, దూడలు, ఒక ఎద్దు. డాక్టరు బుట్టలోకి తొంగిచూసి, "గేదె పాలిస్తది, కోడి గుడ్డు పెడతది. దీనికోసం ఆటో కట్టించుకుని వచ్చారా?" అన్నాడు. వరసలో ఉన్న రైతులంతా నవ్వారు. నేను కదల్లేదు. అప్పుడు పొట్ట నొక్కి చూశాడు. ముక్కుతోందా, చుక్కలు చుక్కలుగా పోస్తోందా, రక్తం పడుతోందా అని అడిగాడు. ఏదీ లేదన్నాను.

"ఇంట్లో ఈ మధ్య ఏమన్నా మార్చారా? మంచాలు, మనుషులు, దాని ఇసుక?"

"ఏమీ మార్చలేదండి."

"బాగా గుర్తుచేసుకోండి."

"ఏమీ మార్చలేదన్నాగా."

"అయితే పిల్లిలో ఏం లేదమ్మా. ఇంట్లో చూసుకోండి."

ఇంట్లో చూసుకోండి అంటే ఏమిటి అర్థం? ఓనరమ్మ అన్నదే ఈయనా అన్నాడు అనుకుంటూ ఆటోలో దారి పొడుగునా ఉడికిపోయాను.

ఇంటికొచ్చి టబ్బు తోమాను. ఫినాయిలు పోసి తోమాను. కొత్త ఇసుక జల్లెడపట్టి పోశాను. వరండాలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. పిల్లి వచ్చింది. టబ్బుకు మూరెడు దూరంలో ఆగింది. ఒక అడుగు ముందుకు వేసింది. ఆ కాలు ఎత్తి, గట్టిగా విదిలించింది. నా వైపు చూసింది. ఇంకో కాలు పెట్టి, దాన్నీ విదిలించింది. వెనక్కి తిరిగి, తోక పైకెత్తుకుని లోపలికి పోయింది.

నా ముఖం మీద విదిలించినట్టే అనిపించింది. మా పుట్టింటి వైపు ఒక పెద్దావిడ అచ్చం అలాగే, మా గుమ్మం ముందు చెప్పుల దుమ్ము విదిలించి పోయింది ఒకసారి. ఆ రోజు సాయంత్రం పిల్లికి పాలు పొయ్యలేదు.

మే నెల వచ్చింది. ఓనరమ్మకు పర్చూరు వైపు పొలముంది, పత్తి వేసేవాళ్లు. ఇంటికి పరుపులు కుట్టించాలని, గింజ తీయించిన దూది రెండు మూటలు తెప్పించి, మా పైన డాబా మీద చాపలు పరిచి ఎండబోసింది. మర్నాడు దూది ఏకేవాడు వస్తాడు. నేను బట్టలు ఆరెయ్యడానికి వెళ్లి, డాబా తలుపు గడియ సరిగా పెట్టలేదు. అది నా తప్పే. ఒప్పుకుంటాను.

"అమ్మాయ్! పైకి రా ఒకసారి!"

వెళ్లాను. తెల్లటి దూది మధ్యలో గుండ్రంగా గుంట తీసి ఉంది. చుట్టూ చక్కగా కప్పి కూడా ఉంది. ఆ కప్పడం చూసి నాకు ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. పాత అలవాటు పోలేదన్నమాట.

"ఇదేంటి?"

"పిన్నిగారూ, ఆ కాస్తా తీసేసి..."

"ఎంత తీస్తావ్? ఈ వాసన పోయేదేనా? రేపు దీని మీద మా మామగారు పడుకోవాలి. ఆదివారం దాకా చూస్తా. అది ఉంటే మీరుండరు, మీరుంటే అది ఉండదు. తేల్చుకోండి."

ఆ రోజు మంగళవారం.

మా ఆయన ఆ సాయంత్రమే తేల్చేశారు. "ఆదివారం వాడరేవు తీసుకెళ్లి వదిలేస్తా. పడవలొచ్చే చోటు. చేపలు ఎండేస్తారు. మనకన్నా బాగా తింటది."

"అక్కడ కుక్కలుండవా?"

"ఇసుక కూడా కావలసినంత. సముద్రం ఒడ్డంతా దాని టబ్బే."

నవ్వించాలని అన్నారు. నేను నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. పిల్లితో కూడా మాట్లాడలేదు. కానీ వంటింట్లోంచి గదికి, గదిలోంచి వరండాకు తిరుగుతూనే ఉన్నాను. దాని వెనక నేనో, నా వెనక అదో. ఎవరు ఎవరిని కనిపెడుతున్నామో తెలిసేది కాదు.

శుక్రవారం సాయంత్రం విశాఖపట్నం నుంచి మా ఆడపడుచు దిగింది. తెనాలిలో పెళ్లికని వచ్చింది. ఈమె గురించి ఒక సంగతి చెప్పాలి. అంతకు ఆరేళ్ల ముందు, వాళ్ల గృహప్రవేశానికి నేను రెండు రోజులు ముందే వెళ్లి, ఇరవైమందికి వండి పెట్టాను. భోజనాల దగ్గర అందరి ముందూ అన్నది, "మా వదిన వండితే కారం కనపడతది, కూర వెతుక్కోవాలి" అని. పంక్తి పంక్తంతా నవ్వింది. ఆమె ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటుంది.

కాళ్లు కడుక్కోవడానికి వరండా చివరికి వెళ్లి, వరసగా ఐదు తుమ్ములు తుమ్మింది. ముక్కు తుడుచుకుంటూ వచ్చి, "ఏంటి వదినా, అక్కడ మిరపకాయలు గానీ ఎండబెట్టావా?" అంది.

"ఎక్కడా ఎండబెట్టలేదు."

"మరి అంత ఘాటేంటి?"

"గుంటూరు కదమ్మా. విశాఖపట్నం వాళ్లకు అట్టాగే ఉంటది."

ఆమె ఊరుకోలేదు. చిన్నప్పటి నుంచీ అంతే. మళ్లీ వెళ్లింది, మళ్లీ తుమ్మింది. వంగి, టబ్బు కింద పరిచిన గోతం అంచు రెండు వేళ్లతో ఎత్తి విదిలించింది. వెంటనే కళ్లు రెండూ మూసుకుని గోడకు ఆనుకుంది.

"అన్నయ్యా! ఇది మిరపకాయల గోతం కదరా?"

"టిక్కీ గోతం. అయితే ఏంటి? దులిపే పరిచాను" అన్నారు మా ఆయన, పేపరు లోంచి తలెత్తకుండా.

టిక్కీ అంటే మిర్చి బస్తా. మా ఇళ్లల్లో ఖాళీ టిక్కీ గోతం లేని చోటు లేదు. గుమ్మంలో కాళ్లు తుడుచుకునేది అదే, నీళ్ల బిందె కింద అదే, స్కూటరు మీద కప్పేదీ అదే. పిల్లి ఇసుక తవ్వి వరండా అంతా చిమ్ముతోందని, ఆ ఇసుక మెట్ల మీదికి వస్తోందని ఓనరమ్మ ఫిబ్రవరిలో ఒకసారి గొణిగింది. అందుకని ఆయన కొట్టు నుంచి ఒక గోతం తెచ్చి, విప్పదీసి, దబ్బనంతో అంచులు కుట్టి, టబ్బు కింద నాలుగు పక్కలా మూరెడు బయటికి వచ్చేలా పరిచారు. ఇసుక దాని మీదే ఆగేది. ఎంత మంచి పని చేశారో అని నేనే మెచ్చుకున్నాను. ఇంట్లో ఏమన్నా మార్చారా అని డాక్టరు అడిగినప్పుడు అది నా బుర్రకు తట్టనే లేదు. గోతం పరచడం మాకు మార్పు కిందకు రాదు.

"మీ ఇద్దరి ముక్కులూ ఎప్పుడో చచ్చిపోయాయి వదినా. పాపం, అది ఒట్టికాళ్లతో దీని మీద నడిచి, తడి ఇసుకలో నిలబడి, మళ్లీ దీని మీద నడిచి, ఆ కాళ్లు నాక్కోవాలి. నువ్వయితే పోతావా అట్టాంటి బాత్రూముకి?"

నేను ఒప్పుకోలేదు. ఈమె నోటి నుంచి కారం మాట రాగానే నాకు వాళ్ల గృహప్రవేశం పంక్తి కళ్లముందు కనపడింది. "అది కక్షతో చేస్తోంది. నీకు తెలియదు" అన్నాను.

"పిల్లికి కక్షేంటి వదినా? మెత్తగా ఎక్కడుంటే అక్కడికి పోయింది. దుప్పటి, దూది, నీ జాకెట్టు. కాళ్లు మండని చోటు."

ఆమె స్నానానికి వెళ్లాక, నేను బక్కెట్లో కాళ్లు తడుపుకుని వచ్చి ఆ గోతం మీద నిలబడ్డాను. ఏమీ లేదు. గెలిచాననుకున్నాను. దిగబోతుండగా, మడమ పగుళ్లలో సన్నగా మొదలైంది. తరవాత వేళ్ల సందుల్లోకి వచ్చింది. రెండు కాళ్లూ ఎత్తి ఎత్తి వేస్తున్నాను. ఉండబట్టలేక కుడికాలు గట్టిగా విదిలించాను.

విదిలించి, అలాగే నిలబడిపోయాను. పిల్లి గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తోంది.

గోతం చుట్టి కిందికి విసిరేశాం. వరండా మూడుసార్లు కడిగాం. తడిగుడ్డతో పిల్లి కాళ్లు నాలుగూ తుడిచాను. గీరింది. గీరనిచ్చాను. టబ్బు ఉత్త గచ్చు మీద పెట్టి, కొత్త ఇసుక పోశాం. శుక్రవారం గడిచింది, శనివారం మధ్యాహ్నమైంది. పిల్లి వరండా సగం దాకా వచ్చి ఆగి, వెనక్కి పోతోంది. శనివారం సాయంత్రం బీరువా పక్కన మళ్లీ తడి.

"చూశావా? గోతం కాదు" అన్నారు ఆయన. బుట్ట అప్పటికే దించి తుడిచి పెట్టుకున్నారు.

"అక్కడ కాళ్లు మండాయని దానికి గుర్తుంది. ఆ చోటికి ఇక రాదు" అంది ఆడపడుచు. "కొత్త టబ్బు కొని దానికి నచ్చిన చోట పెట్టు. ఫినాయిలు మాత్రం పొయ్యకు తల్లీ."

దానికి నచ్చిన చోటు ఏది? నా తలగడ. ఇంత జరిగాక పడగ్గదిలో, నా మంచం పక్కన, ఇసుక టబ్బు పెట్టుకోవాలా? పెట్టను అన్నాను. అని, బజారుకు పోయి వెడల్పాటి టబ్బు ఒకటి కొనుక్కొచ్చాను. మేస్త్రీ ఇచ్చిన ఇసుకే పోసి, నా తల వైపు, మంచానికీ గోడకూ మధ్య పెట్టాను. గదిలో ఉంటే అది రాదేమోనని వంటింట్లోకి పోయాను. ఉండలేక వచ్చి తలుపు చాటు నుంచి చూశాను. లేదు. పప్పు పొయ్యి మీద పెట్టాను, మళ్లీ వచ్చాను. లేదు. పప్పు మాడింది.

ఆదివారం పొద్దున ఏడింటికి ఆయన చొక్కా వేసుకుని, బుట్ట పట్టుకుని, వాడరేవుకు పోవడానికి చీరాల బస్సు టైము అవుతోందని నిలబడ్డారు. ఆడపడుచు కాఫీ తాగుతోంది. నేను ఎటూ కాకుండా తలుపు పట్టుకుని ఉన్నాను.

గదిలోంచి చప్పుడు వినిపించింది. ఇసుక గీకుతున్న చప్పుడు. ఆగింది. చాలాసేపు ఆగింది. మళ్లీ గీకడం, ఈసారి నిదానంగా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు.

ఆయన బుట్ట కింద పెట్టారు.

సరిగ్గా అప్పుడే ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. "ఇంకా పంపలేదా?"

"లోపలికొచ్చి చూడండి పిన్నిగారూ."

వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని టబ్బులోకి చూసింది. కప్పిన కుప్ప చూసింది. జరిగిందంతా చెప్పాను, గోతం సంగతితో సహా. ఆమె అన్న మాట కూడా గుర్తుచేశాను. "కారానికి కాళ్లు మండుతాయా? మా ఇంట్లో గుమ్మానికొక గోతం ఉంది" అంటూ దిగిపోయింది. మూడేళ్ల తరవాత మేం ఇల్లు మారే దాకా ఆమె ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. తప్పు తనదని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

నేనూ ఆడపడుచుకు థాంక్స్ చెప్పలేదు. బస్సెక్కించేటప్పుడు నోటి దాకా వచ్చింది. అప్పుడే ఆమె, "పప్పు మాడినా బాగుందిలే వదినా, కారం తక్కువేశావ్" అంది. మింగేశాను.

టబ్బును రోజుకు ఒక జానెడు చొప్పున జరుపుతూ, గదిలోంచి వరండాలోకి తీసుకురావడానికి నెల పట్టింది. బాత్రూము పక్కకు మాత్రం అది మళ్లీ పోలేదు. నేను కొట్టిన మూడు దెబ్బల సంగతి దానికి గుర్తుందో లేదో తెలియదు. ఆ సోమవారం మధ్యాహ్నమే వచ్చి నా కాళ్ల దగ్గర పడుకుంది. నాకైతే గుర్తున్నాయి.

అదే సోమవారం సాయంత్రం మా ఆయన యార్డు నుంచి వస్తూ చంకలో ఒక మడత పట్టుకొచ్చారు. గుమ్మంలో కాళ్లు తుడుచుకోవడానికని ఇంకో గోతం. వాకిట్లోనే అడ్డంగా నిలబడ్డాను.

"లోపలికి తేవద్దు."

"దులిపానే బాబూ. రెండుసార్లు దులిపా." మడత విప్పి, మొహమంతా అందులో పెట్టి, గుండెనిండా పీల్చారు. "చూడు. ఏం ఘాటుంది? ఏమీ లేదు."

నేనూ తీసుకుని వాసన చూశాను. నిజంగానే ఏమీ లేదు. జనప నార వాసన, అంతే.

వెనక్కి తిరిగి చూశాను. వరండా మధ్యలో పడుకున్న పిల్లి అప్పటికే లేచి, ముక్కు ఒకసారి ఎగరేసి, గదిలోకి వెళ్లిపోతోంది.

గోతం ఆయన చేతిలో పెట్టి, తలుపు వేశాను.